మధ్య పెడల్

పోయిన వారం మీరు నన్ను జేసీ రోడ్డులో, మస్తాన్ అన్న స్పేర్ పార్టుల అంగడి ముందు, నోరు తెరుచుకుని నిలబడి ఉండగా వదిలేసి వెళ్ళారు. మీ తప్పేం లేదులెండి, పేజీ అయిపోయింది. కానీ నేను మాత్రం వారమంతా అలాగే నిలబడి ఉన్నట్టే ఉంది. ఇవాళే మొదటిసారి ఈ కథ చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ఇంటికి బయల్దేరతాను.

మాది హలసూరు. తాతల కాలంలో మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగుళూరులో పాతుకుపోయిన తెలుగువాళ్ళం. మా షెడ్డులో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఉంది, మా ఇంటి మాటలో గాడి. రెండే సీట్లు, పైన కప్పు లేదు. 1961లో ఇంగ్లండులో పుట్టి, ఒక దొరగారి బంగళా వెనక కోళ్ళు గుడ్లు పెట్టుకునే స్థితికి వచ్చాక మా నాయన జయరామప్ప దాన్ని పాత ఇనుముగా తెచ్చి ప్రాణం పోశాడు. నాయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏ యంత్రమైనా విప్పి బిగిస్తాడు కానీ, ఎడమ కన్ను సరిగ్గా ఆనదు కాబట్టి లైసెన్సు రాలేదు. అందుకని కారు కట్టింది నాయన, నడిపింది అమ్మ. మా అమ్మ పుల్లమ్మ. ఇంట్లో జాకెట్లు కుట్టి, కుట్టినవి ఆ ఎర్ర కారులో వేసుకుని కాక్స్ టౌన్ దాకా ఇచ్చి వచ్చేది. కొంగు బొడ్లో దోపి, వట్టి కాళ్ళతో నడిపేది. చెప్పులుంటే పెడల్ మాట వినపడదట.

1990 ఆగస్టు పదిహేను పొద్దున అమ్మ నన్ను బడికి తీసుకుపోతూ, మా వీధి వాలు దిగాక మూలలో ఉన్న రాతిగోడకి గుద్దేసింది. నాకప్పుడు పదకొండేళ్ళు. అమ్మకి గీత కూడా పడలేదు, నా ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. ఇప్పటికీ కుంటుతాను. కంగారులో బ్రేక్ అనుకుని క్లచ్ తొక్కేశానని అమ్మే అందరికీ చెప్పింది. వీధి ఆమెకి క్లచ్ పుల్లమ్మ అని పేరు పెట్టేసింది. ఆ తర్వాత అమ్మ స్టీరింగు ముట్టలేదు.

పదహారేళ్ళప్పుడు, కాలేజీలో ఎవడో నా నడకని వెక్కిరించాడని ఇంటికి వచ్చి, నేను అమ్మతో ఒక మాట అన్నాను. "నీ కాలు సరిగ్గా పడుంటే నా కాలు సరిగ్గా ఉండేది కదా." అమ్మ జాకెట్టుకి హుక్కులు కుడుతోంది. తలెత్తలేదు. ఆ మాట నోటితో వెనక్కి తీసుకోవడం నా వల్ల కాలేదు. అందుకే ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తూ, శనాదివారాలు నాయనతో కలిసి ఆ కారు బాగుచేస్తున్నాను. ఈ ఆదివారం పాత కార్లవాళ్ళంతా దేవనహళ్ళి కోట దాకా వెళ్తున్నారు. అమ్మని అడక్కుండా, నడిపేది ఆమే అని అమ్మ పేరు ఇచ్చేశాను. తెలిసి అమ్మ ఒక్కటే అన్నది, "నా కాలు మంచిది కాదు మా." అమ్మ మళ్ళీ ఆ సీట్లో కూర్చోకపోతే నా మాట అలాగే ఉండిపోతుంది. నా గొడవంతా అదే.

ఇక మస్తాన్ అన్న. వెనక చక్రం బ్రేకులోంచి తీసిన పాత రబ్బరు కప్పు ఒకటి ఆయన చేతిలో పెట్టి, ఇలాంటివి కావాలన్నాను. ఆయన దాన్ని కొత్త కప్పు పక్కన పెట్టాడు. పాతది నానబెట్టిన శనగగింజలా ఉబ్బి ఉంది.

"బ్రేక్ ఆయిల్ అని పేరే గానీమ్మా, అది ఆయిల్ కాదు" అన్నాడు. "దీంట్లో ఎవరో నిజం ఆయిలే పోసినారు. ఆయిల్ తగిల్తే రబ్బరు ఉబ్బుతాది. ఉబ్బిందంటే ఇంగ బ్రేక్ పట్టదు. పెడల్ మెత్తగా కిందికి పోతాది, అంతే."

మెత్తగా కిందికి పోయేది క్లచ్ కూడా. అంటే ఆ రోజు అమ్మ తొక్కింది బ్రేకే. సరైన పెడలే తొక్కింది. నేను అక్కడే నిలబడిపోయాను. మీరు వెళ్ళిపోయారు.

ఆటోలో ఇంటికి వస్తూ లెక్క కట్టాను. ఆ కారు బానెట్టు ఎత్తేది మా ఇంట్లో ఒకే మనిషి. ఆయిల్ పోసేదీ ఒకే మనిషి. పద్నాలుగేళ్ళుగా భార్యని వీధి క్లచ్ పుల్లమ్మ అంటుంటే విని ఊరుకున్నదీ ఆ మనిషే. హలసూరు చెరువు దాటేసరికి నాకు నాయన మీద కోపం నషాళానికంటింది.

కానీ కోపంతో బ్రేకులు బిగించలేం. శనివారం మధ్యాహ్నం వరకూ నోరు మూసుకుని పనిచేశాను. పాత ఆయిలంతా వంచేశాం. పైపులు కడిగి ఆరబెట్టాం. నాలుగు చక్రాల్లోనూ, ముందున్న పెద్ద సిలిండర్లోనూ కొత్త కప్పులు వేశాం. ఇంక మిగిలింది గాలి తీయడం. పైపుల్లో గాలి బుడగ ఒక్కటి మిగిలినా పెడల్ స్పంజిలా ఉంటుంది. ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. ఇంకొకరు చక్రం వెనక పడుకుని, చిన్న నట్టు వదులుచేసి, గాలీ ఆయిలూ గొట్టంలోంచి సీసాలోకి వచ్చాక మళ్ళీ బిగించాలి. నట్టు తెరిచి ఉన్నప్పుడు పెడల్ వదిలితే పోయిన గాలి మళ్ళీ లోపలికి దూరుతుంది. ఒకరి ముఖం ఒకరికి కనపడదు, మాట మీదే పని నడవాలి.

కారు గ్రానైటు దిమ్మల మీద ఉంది. నాయన గోనెపట్టా పరుచుకుని వెనక ఎడమ చక్రం దగ్గర పడుకున్నాడు. నేను కుడికాలు మధ్య పెడల్ మీద పెట్టాను.

"ఒత్తు" అన్నాడు. ఒత్తాను.

"పట్టుకో." పట్టుకున్నాను. సీసాలో బుడగల చప్పుడు వినపడింది.

"ఇంగ విడువు." వదిలాను.

నాలుగైదుసార్లు ఇలా అయ్యాక "సాకు" అన్నాడు. మా ఇంట్లో సాకు అంటే కన్నడంలోలాగ చాలు అని. ఆంధ్రా నుంచి వచ్చిన మా ఆఫీసువాళ్ళు మాత్రం నెపం అనుకుంటారు. క్యాంటీనులో నేను "సాకు, సాకు" అంటే, అన్నం వద్దనడానికి అన్ని సాకులెందుకండీ అని నవ్వుతారు.

తరవాత ఇంకో చక్రం. "ఒత్తు. పట్టుకో."

పట్టుకున్నాను. ఆయన నట్టు తెరిచిన చప్పుడు విన్నాను. ఇప్పుడైతే ఎక్కడికీ పోలేడు అనుకుని అడిగేశాను.

"నాయనా, ఈ గాడిలో నిజం ఆయిల్ పోసింది ఎవరు?"

సీసాలో ఒక బుడగ, ఇంకో బుడగ.

"మస్తాన్ అన్న అంతా చెప్పినాడు. అమ్మ తొక్కింది బ్రేకే. ఎవరు పోసినారు?"

"విడవొద్దు మా, నట్టు తెరిచుండాది."

"చెప్పు ముందు!"

"నేనే" అన్నాడు నాయన. "నేనే పోసినా. తెలీక పోసినా."

నా కాలు దానంతటదే పైకి లేచిపోయింది. పెడల్ ఠక్కున వెనక్కి వచ్చింది. కింద సీసాలో గడగడమని చప్పుడు. "అయ్యో, గాలి దూరిందే" అన్నాడాయన, అదొక్కటే బాధ అన్నట్టు. ఒళ్ళు మండిపోయింది నాకు.

"గాలి గురించి ఏడుస్తుండావా? పద్నాలుగేండ్లు నాయనా! వీధిలో ఆమెను క్లచ్చు క్లచ్చు అంటా ఉంటే నువ్వు బీడీ కాల్చుకుంటా కూచున్నావు. నేను కూడా అన్నానే ఆమెను! నా నోటితో నేనే అన్నా. నువ్వు ఒక్క మాట చెప్పుంటే అనుండేదాన్నా?"

"తప్పే మా."

"ఫిట్టరువి! ముప్పై ఏండ్లు మిషన్లు బాగుచేసినోడివి! బ్రేకులో ఏం పొయ్యాలో నీకు తెలీదా?"

"తెలీలా."

"ఏం ఆయిల్ పోసినావు?"

"అదే, మీ అమ్మ కుట్టుమిషన్ ఆయిల్."

"ఎప్పుడు పోసినావు?"

"కోయంబత్తూరు పోయే ముందర. బస్సుకి టైమయితాందని, తొందరలో..."

మా నాయనకి అబద్ధం చెప్పడం రాదండీ. రానివాడు చెప్పకూడదు. ఫ్యాక్టరీ పని మీద ఆయన కోయంబత్తూరు వెళ్ళి, ఆగస్టు పదిహేను సాయంత్రం సంచీతో నేరుగా ఆసుపత్రికి వచ్చాడని నాకు బాగా తెలుసు. వెళ్ళిన రోజు కూడా తెలుసు. అందుకే ఇంకా గట్టిగా అరిచాను.

"అబద్ధం చెప్పొద్దు! నువ్వు పొయ్యలేదు. సంచీ సర్దుకుంటా అమ్మకి చెప్పినావు, 'బ్రేక్ ఆయిల్ తక్కువుండాది, నేను వచ్చినాక పోస్తా, అంతవరకూ గాడి తియ్యొద్దు' అని. నాకు బాగా గుర్తుండాది. నేను అక్కడే ఉండా, గడప మీద కూచోని..."

నేను అక్కడే ఉన్నాను.

నా నోట్లోంచి వచ్చిన మాట నాకే వినపడింది. గడప మీద కూర్చుని ఏడుపు మొహం పెట్టుకుని ఉన్నాను. ఎందుకంటే పదిహేనో తేదీ బడిలో జెండా పాట ముందు వరసలో నిలబడి పాడేది నేను. ఎర్ర కారులో దిగుతానని క్లాసంతటికీ చెప్పుకున్నాను. ఇప్పుడు కారు తియ్యొద్దంటున్నాడు. ఎందుకట? ఆయిల్ తక్కువట. అంతేనా?

మర్నాడు ఆదివారం. అమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. కుట్టుమిషన్ సొరుగులోంచి, పొడుగు ముక్కున్న చిన్న ఆయిల్ డబ్బా తీశాను. అడుగు నొక్కితే టక్కు టక్కుమంటుంది. బానెట్టు ఎత్తడం నాయన పక్కన నిలబడి నేర్చుకున్నదే. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తిప్పాను. నిండేదాకా టక్కు టక్కుమని నొక్కుతూనే ఉన్నాను, బొటనవేలు నొప్పి పుట్టింది. ఆయిల్ తక్కువంటే ఆయిల్ పోశాను. ఆ తర్వాత అమ్మ దగ్గరికి వెళ్ళి "నాయన పోయేముందే పోసేసినాడమ్మా" అని చెప్పాను. ఆస్పత్రిలో మత్తు సూది, ఆపరేషన్లు, కట్లు, వాటి కింద ఆ ఆదివారం ఎక్కడ పడిపోయిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళూ ఒక్కసారి కూడా పైకి రాలేదు. ఇప్పుడు వచ్చింది, బొటనవేలి నొప్పితో సహా వచ్చింది.

"నాయనా" అన్నాను. "నేనే కదా?"

కింద స్పానరు నేల మీద పెట్టిన చప్పుడు అయింది. ఆయన కారు కిందినుంచి బయటికి రావడానికి ప్రయత్నించలేదు. నా మొహం చూడకూడదనుకున్నాడో, తన మొహం చూపించకూడదనుకున్నాడో.

"పదకొండేండ్ల పిల్లవి" అన్నాడు. "బ్రేక్ ఆయిల్ బ్రేక్ ఆయిల్ అని ఇంట్లో అన్నది నేనే కదా. అది ఆయిల్ కాదు అని నేను చెప్పుండాల. అందుకే నేనే పోసినట్టు."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండో రోజే. మూత తీస్తే మీ అమ్మ మిషన్ వాసన. ఆ చిన్న డబ్బా షెడ్డు గూట్లోనే ఉండె."

"మరి అమ్మకి?"

"అమ్మకి ఏం తెలుసో అమ్మనే అడగొచ్చు కదా" అన్నది ఒక గొంతు.

షెడ్డు తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. చేతిలో రెండు కాఫీ లోటాలు. ఎంతసేపటినుంచి ఉందో, కాఫీ మీద మీగడ కట్టింది. లోటాలు గూట్లో పెట్టి, కారు కిందికి వంగి చూసింది.

"ఏమయ్యా, ఒక్క పని చెప్తే సరిగ్గా చేసినావా నువ్వు? చెప్పొద్దంటే చెప్పినావే!"

"నేను చెప్పలా పుల్లమ్మా. నేనే పోసినా అన్నా. నమ్మలా."

"నువ్వు అబద్ధం చెప్తే పిల్లి కూడా నమ్మదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, చివరికి ఏడుపే గెలిచింది. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చేశాను. అమ్మ వచ్చి తలుపు తీసి, నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఆస్పత్రి వరండాలో మీ నాయన వచ్చి చెప్పినాడు, ఎవరో మిషన్ ఆయిల్ పోసినారని. నాయన పోసేసినాడని నాకు చెప్పింది నువ్వే, ఇంగెవరు?" అంది. "నువ్వు లోపల పడుకోనుండావు. కాలికి ఇంత కట్టు. నేనన్నా, పిల్ల కాలికి కట్టుండాది, మనసుకి కూడా వద్దు. నేనే క్లచ్చు తొక్కినా అని చెప్పుకుంటా, నువ్వు నోరు మూసుకో అని. అంతే. అందులో ఏముండాది?"

"ఏముండాదా? అందరూ నిన్ను..."

"అంటే అన్నారులే. సుమ్నే పేరే కదా, ఉత్త పేరు."

"మరి గాడి ఎందుకు మానేసినావమ్మా? నీ కాలి తప్పు లేదని నీకు తెలుసు కదా? ఆమేల, అంతా అయినాక, నడపొచ్చు కదా!"

అమ్మ నా జడ చివర రబ్బరు బ్యాండు సర్దింది.

"నడిపితే బాగానే నడుపుతా కదా మా" అంది. "ఇంత బాగా నడిపే మనిషి ఆ రోజు ఎట్ల తప్పు తొక్కింది అని ఎవురైనా అడుగుతారు. నువ్వే అడుగుతావు, తెలివైన పిల్లవి. అందుకే నడపలా."

మా అమ్మకి ఆ కారంటే ఎంత పిచ్చో నేను చూశాను. సిగ్నల్ దగ్గర స్కూటర్లవాళ్ళు తిరిగి చూస్తే ఆమె మొహంలో వచ్చే దొంగ నవ్వు నాకు ఇంకా గుర్తుంది. దాన్ని పద్నాలుగేళ్ళు గోనెపట్టా కప్పి షెడ్డులో పెట్టేసింది. నేను ప్రశ్న అడగకుండా ఉండటం కోసం. అడగకపోగా నేను ఏమన్నానో మీకు తెలుసు.

"అమ్మా, నేను అప్పుడు అన్న మాట..."

"ఏ మాట?"

"నీ కాలు సరిగ్గా పడుంటే అని..."

"సాకు" అంది అమ్మ.

"లేదమ్మా, నన్ను చెప్పనీ..."

"సాకు అన్నానా లేదా? ఆ పొద్దు ఆ హుక్కులన్నీ తిరగేసి కుట్టి మళ్ళీ ఊడబీక్కున్నా. అదొక్కటే నాకు బేజారు. ఇంగ లెయ్. సీటు విడువు. గాలి దూరిందని మీ నాయన ఏడుస్తుండాడు."

నేను దిగాను. అమ్మ చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపుకుని సీట్లో కూర్చుంది. సీటు ఒక్క మెట్టు ముందుకు జరుపుకుంది. చెయ్యి దానంతటదే సీటు కింది మీట దగ్గరికి పోయింది, వెతుక్కోలేదు. వట్టి కాలు మధ్య పెడల్ మీద పెట్టి, వేళ్ళు ఒకసారి ముడిచి విప్పింది.

కింద నాయనకి ఇదేమీ కనపడదు. ఆయన ఇంకా నేనే కూర్చుని ఉన్నాననుకుంటున్నాడు.

"ఒత్తు మా" అన్నాడు.

అమ్మ ఒత్తింది.

"పట్టుకో."

పట్టుకుంది. సీసాలో బుడగలు వరసగా, తొందర లేకుండా వచ్చాయి. నట్టు బిగించిన చప్పుడు అయింది. మళ్ళీ తెరిచిన చప్పుడు. ఈసారి కూడా అంతే, సమంగా, ఒకే తీరుగా.

"పుల్లమ్మా" అన్నాడు నాయన కారు కిందినుంచి. "ఇది నీ కాలే కదా?"

"నా కాలే. పని చూడు."

"ఇట్ల ఒత్తేది నువ్వొక్కతేనే" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఆయన 'విడువు' అని చెప్పడం మరిచిపోయాడు. అమ్మ కూడా వదల్లేదు. అలాగే తొక్కిపట్టుకుని ఎదురుగా గోడ చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ళు ఎందుకు తుడుచుకుందో నేను అడగలేదు.

నాలుగు చక్రాల బ్రేకుల్లోనూ గాలి మళ్ళీ మొదటినుంచి తీశాం. డబ్బా నింపింది నేను. ఈసారి మస్తాన్ అన్న ఇచ్చిన సీలు డబ్బాతో, నాలుగుసార్లు లేబిలు చదివి పోశాను. అమ్మ తొక్కి చూసింది. పెడల్ సగంలో రాయిలా నిలబడింది. కారు దిమ్మల మీదినుంచి దింపాం. బ్యాటరీ పోయిన వారమే మార్చాం కాబట్టి మూడో తిప్పుకి ఇంజను అందుకుంది. షెడ్డంతా పొగ. నాయన పొగలో నిలబడి చేతులు అడ్డం పెట్టాడు.

"ముందర కాంపౌండులోనే చూడాల పుల్లమ్మా. రోడ్డు మీద ఆమేల."

"పద్నాలుగేండ్లు కాంపౌండులోనే ఉండా కదయ్యా. గేటు తెరువు."

నాయన నా వైపు చూశాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పక్క సీటు మీద తట్టింది. ఎడమవైపు సీటు, ఆ రోజు నేను కూర్చున్న సీటు. కుంటుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళి కూర్చున్నాను. నాయన గేటు రెండు రెక్కలూ తెరిచి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కారు వీధిలోకి వచ్చింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దమునియప్ప చేతిలో పేపరు దించాడు. "యారమ్మా అదు?" అని, ఎవరది అన్నట్టు కన్నడంలో అడిగి, చూసి, నోరు మూసుకున్నాడు. అమ్మ ఆయనకేసి తల ఊపింది. రెండో గేరు వేసింది. ఇళ్ళు వెనక్కి పోయాయి. వాలు మొదలైంది.

కింద మూలలో ఆ రాతిగోడ కనపడుతోంది. దాని మీద కొత్త సున్నం వేశారు. కారు వేగం అందుకుంటోంది. నాకు ఎడమ కాలు మోకాలి కిందినుంచి జిల్లుమంది.

"శిరీషా" అంది అమ్మ, రోడ్డు మీదినుంచి కళ్ళు తీయకుండా. "చెయ్యి తియ్యి."

చూసుకుంటే నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉంది. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుని ఉన్నాను. బిగించింది నాయనా నేనూ, పోసింది నేను. కొత్త కప్పులు నా వేళ్ళతో ఎక్కించాను. ఎక్కడైనా ఒక్కటి తప్పుంటే అది మళ్ళీ నాదే.

"తియ్యి మా. నా కాలుండాది కదా."

తీశాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను. గోడ పెద్దదవుతోంది, సున్నం మీద బ్రష్షు గీతలు కూడా కనపడుతున్నాయి. అమ్మ కుడికాలు పైకి లేచి, మధ్య పెడల్ మీదికి వచ్చింది.